హాజరు పట్టీలో లేని సంగతులు

బొగ్గు గనుల ప్రాంతంలో పెరిగినవారికి ‘మస్టర్’ అన్న మాట ఉగ్గుపాలతో వస్తుంది. బాయి దిగేముందు మస్టర్ పడాలి. పడితేనే ఆ నాటి కూలి. ఏడాదికి ఇన్ని మస్టర్లని నిండితేనే బదిలీ ఫిల్లర్ పర్మినెంటు అవుతాడు, నిండకపోతే కథ మళ్లీ మొదటికి వస్తుంది. నెలాఖరున మా వాడలో ఇళ్లల్లో జరిగే పోట్లాటల్లో సగం ఈ లెక్క మీదే. ఆ లెక్కకు ఒక గుణం ఉంది. మనిషి వచ్చాడా రాలేదా అన్నది కచ్చితంగా చెబుతుంది. ఎందుకు రాలేదన్నది మాత్రం చెప్పదు. గోదావరిఖనిలో బడి హాజరు పట్టీ కూడా అచ్చం అలాంటిదే. పట్టీలో పేరు కొట్టివేసి ఉంటే పిల్లవాడు వెళ్లిపోయాడని తెలుస్తుంది, అంతే.

1990ల నడుమ, నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో, బడి ఈడు పిల్లల ఇంటింటి సర్వే ఒకటి జరిగింది. మా వాడకు వచ్చిన ఉపాధ్యాయుడు ఊరికి కొత్త. దారి చూపమని నన్ను వెంట పిలుచుకున్నారు. ఫారాలు పట్టుకుని ఆయన ముందు, సిరా పెన్నుల సంచీతో నేను వెనుక. ఒక క్వార్టరు ముందు ఆగాం. ఆ ఇంట్లో పద్నాలుగేళ్ల పిల్లవాడున్నాడు, కొన్ని నెలలుగా బడికి వెళ్లడం లేదు. ఎందుకని అడిగితే వాళ్లమ్మ చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

“వానికి సదువెందుకు సారూ? వాళ్ల బాపు అన్‌ఫిట్ అయితె ఆ నౌకరి వానికే గదా. బాయిల దిగేటోనికి పది పాసైనా ఒకటే, కాకున్నా ఒకటే.”

ఉపాధ్యాయుడు ఫారం తిప్పి చూశారు. బడి మానిన కారణం అన్న గడిలో వేయవలసిన అంకెలు వెనుక అచ్చువేసి ఉన్నాయి. పేదరికం, ఇంటి పని, బడి దూరం, అనారోగ్యం, ఆసక్తి లేకపోవడం, ఇతరములు. పేదరికం అనడానికి వీల్లేదు, నెలనెలా జీతం వచ్చే ఇల్లు. బడి రెండు వీధుల అవతల. పిల్లవాడు ఆరోగ్యంగా వాకిట్లోనే గోలీలాడుతున్నాడు. ‘ఇతరములు’ అని వేస్తే వివరం రాయాలి, వివరానికి ఫారంలో ఉన్న చోటు అర అంగుళం. ఆయన కాసేపు ఆలోచించి ‘ఆసక్తి లేకపోవడం’ అంకె వేసి పక్కింటికి నడిచారు. ఆయనను తప్పుపట్టలేను. సాయంత్రానికి ఇంకా అరవై ఇళ్లు తిరగాలి.

ఆ అంకె మా వాడ నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకు, అక్కడి నుంచి హైదరాబాదుకు కూడికలలో కలుస్తూ వెళ్లి ఉంటుంది. ఆసక్తి లేదని లెక్క తేలిన చోట ప్రభుత్వం ఆసక్తి కలిగించే పని చేస్తుంది. డప్పు వాయించి, పాటలు పాడించి, ర్యాలీ తీయించి, గోడల మీద నినాదాలు రాయిస్తుంది. ఆ తల్లి మాటల్లో ఉన్నది ఆసక్తి లేకపోవడం కాదు. అది ఒక లెక్క. నాకు తెలిసినంతలో మా ప్రాంతంలో అప్పట్లో చాలా ఇళ్లల్లో వేసుకున్న లెక్కే.

ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే కంపెనీ చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. 1886లో ఏర్పడిన హైదరాబాద్ డెక్కన్ కంపెనీ 1889లో తవ్వకం మొదలుపెట్టింది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది, 1945లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇవాళ రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటాలున్నాయి. బెల్లంపల్లి, కొత్తగూడెం తర్వాత 1960ల మొదట్లో గోదావరి ఒడ్డున మా దగ్గర గనులు తెరిచారు. పొట్టచేతపట్టుకుని చుట్టుపక్కల పల్లెల నుంచి, దూరపు జిల్లాల నుంచి వచ్చినవారితో గోదావరిఖని అన్న ఊరు ఏర్పడింది. పక్కనే రామగుండంలో 1980లో ఎరువుల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది, 1983లో ఎన్టీపీసీ మొదటి యూనిట్ వెలిగింది. ఎరువుల కర్మాగారం 1999లో మూతపడి, కొత్త కంపెనీగా మళ్లీ 2021లో ఉత్పత్తికి వచ్చింది.

గనిలో పని ప్రాణాంతకం. అందుకే ఒక ఏర్పాటు ఉండేది. కార్మికుడు పనిలో మరణించినా, వైద్యులు పనికి పనికిరాడని తేల్చినా, అతని మీద ఆధారపడ్డవారిలో ఒకరికి ఉద్యోగం. కాగితాల మీద దాని పేరు డిపెండెంట్ ఉద్యోగం, జనం నోట్లో వారసత్వ ఉద్యోగం. దయతో పుట్టిన ఏర్పాటే అయినా కాలక్రమాన అది ఇంటి ఆస్తిలా మారింది. పెద్దకొడుకుకా చిన్నకొడుకుకా అని అన్నదమ్ముల పంచాయితీలు, కొడుకులు లేని ఇంట్లో అల్లుడికి ఇస్తామని పెళ్లి మాటలు. ఉద్యోగమే కట్నం అయిన పెళ్లిళ్లు మా వాడలో నేనే చూశాను. ఆడపిల్లల సంగతికి వస్తే, 1952 నాటి గనుల చట్టం వారిని భూగర్భంలోకి దిగనివ్వలేదు (2019లో గానీ ఆ నిబంధన సడలలేదు). కనుక ఉద్యోగం వారి ద్వారా ఇంకొకరికి చేరే వస్తువు అయింది. అదే వాడలో ఆడపిల్ల బడి మానితే ఫారంలో ‘పెళ్లి’ అని పడేది. మగపిల్లవాడి ‘ఆసక్తి లేకపోవడం’, ఆడపిల్ల ‘పెళ్లి’ ఒకే బాయి చుట్టూ తిరిగే రెండు దారులని గ్రహించడానికి ఆ ఫారంలో వీలులేదు.

తర్వాత ఏమైందో మా తరానికి తెలుసు. 1990ల మొదట్లో కంపెనీలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఓపెన్‌కాస్టులు, యంత్రాలు వచ్చాయి. 1990ల చివర్లో వారసత్వ ఉద్యోగాలు ఆగిపోయాయి. ప్రత్యేక రాష్ట్రం వచ్చాక 2016లో వాటిని తిరిగి ఇస్తామని ప్రకటించారు, 2017లో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టివేసింది, ఆ తర్వాత కారుణ్య నియామకాల రూపంలో కొంత సాగింది. ఇప్పుడు కంపెనీ ఉద్యోగులు నలభై వేల చుట్టూ ఉన్నారు. మట్టి తవ్వేది, లారీలు నడిపేది ఎక్కువగా కాంట్రాక్టు కూలీలు. నడుమ దొరికిపోయినవారు, ఉద్యోగం వస్తుందని చదువు వదిలి, ఉద్యోగం రాక మిగిలినవారు, ఇవాళ నలభై, నలభై అయిదేళ్ల వయసులో ఉన్నారు. విద్యా గణాంకాలలో వాళ్లు ఎన్నడో ‘బడి మానినవారి’ కింద జమ అయిపోయారు.

చాలా ఏళ్ల తర్వాత పాల్ విల్లిస్ అనే ఆంగ్ల సమాజ శాస్త్రవేత్త 1977లో ప్రచురించిన పుస్తకం ఒకటి చేతికి వచ్చింది. ఇంగ్లండు మధ్య ప్రాంతపు పారిశ్రామిక పట్టణంలో పన్నెండుమంది కార్మికుల కొడుకులతో ఆయన బడిలోనూ, బడి వదిలి ఫ్యాక్టరీలో చేరాక కూడా తిరిగాడు. ఊరి పేరు దాచి దానికో మారుపేరు పెట్టాడు. కార్మికుల పిల్లలు కార్మికులే ఎందుకవుతారన్నది ఆయన ప్రశ్న. తెలివి లేక కాదు, ఎవరో బలవంతంగా తోసీ కాదు. బడి ఇచ్చే సర్టిఫికెట్ తమకు ఏపాటి పనికివస్తుందో ఆ పిల్లలు తమకు తాము అంచనా వేసుకున్నారు, ఆ అంచనాలో కొంత నిజమూ ఉంది, అదే వాళ్లను జీవితాంతం ఫ్యాక్టరీకి కట్టేసింది అంటాడు. చదువుతూంటే నాకు చేటలో బియ్యం, ఆ తల్లి వంచిన తల కనిపించాయి. పన్నెండుమందితో ఏం తేలుతుందని పెదవి విరిచేవారుంటారు. వేలమంది ఫారాలలో తేలనిది తేలింది కదా.

దీనికి పండితులు పెట్టిన పేరు గుణాత్మక పరిశోధన. పేరు గంభీరంగా ఉన్నా పని సాదాసీదాది. కొద్దిమందితో ఎక్కువ కాలం గడపడం, జవాబులను ముందే అచ్చువేసుకుని వెళ్లకపోవడం, విన్నది విన్నట్టు రాసుకోవడం, తరగతి గదిలో వెనుక బెంచీ మీద కూర్చుని ఏం జరుగుతోందో చూడడం. ‘ఎంత’ అన్నది గణాంకాల ప్రశ్న. ‘ఎలా’, ‘ఎందుకు’ అన్నవి దీని ప్రశ్నలు. మన రాష్ట్రంలో విద్యా పథకాల మంచిచెడ్డలు తేల్చిన చరిత్రలో ఈ పద్ధతికి దక్కిన చోటు ఎంతో చూడాలని కొంతకాలంగా దొరికినవి చదువుతున్నాను.

మొదట చెప్పుకోవలసినది ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. మా ఉపాధ్యాయులు ‘ఆపెప్’ అనేవారు. బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో 1984లో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుంచి 1996 దాకా రాష్ట్రమంతటా నడిచింది. తరగతి గదులు కట్టారు, ఉపాధ్యాయులందరికీ శిక్షణ ఇచ్చారు. దానికి ఆరు సూత్రాలు. ఉపాధ్యాయుడే కృత్యాలు తయారుచేసుకోవాలి, పిల్లలు చేసి కనుగొని నేర్చుకోవాలి, పని ఒక్కొక్కరుగా, జట్లుగా, తరగతి మొత్తంగా సాగాలి, పిల్లల మధ్య తేడాలను గమనించాలి, చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవాలి, పిల్లల పనిని ప్రదర్శించి గదిని ఆకర్షణీయంగా ఉంచాలి. చెప్పుకోదగిన సూత్రాలే. ఈ పథకం మూల్యాంకనంలో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కోలిన్ లేసీ, బారీ కూపర్, హ్యారీ టోరెన్స్ పనిచేశారు. ఈ లేసీ అంతకుముందు ఒకే ఒక బడిలో పాఠాలు చెబుతూ, పరిశీలిస్తూ, ఆ బడిలో పిల్లలు ఎలా పైవారు కిందివారుగా చీలిపోతారో 1970లో పుస్తకం రాసినవాడు. ఒక్క బడి లోపల అంతకాలం కూర్చున్న మనిషికి వేలాది బడుల పథకాన్ని కొలిచే పని పడింది. అంత పెద్ద సర్వే అంకెలకు అర్థం చెప్పడంలో ఉన్న చిక్కుల గురించి ఆ ముగ్గురూ 1993లోనూ 1996లోనూ వ్యాసాలు ప్రచురించారు.

ఆ చిక్కు ఎలాంటిదో చెప్పడానికి నాకు ఇంగ్లండు అక్కర్లేదు, ఆరవ సూత్రం చాలు. గోడకు వేలాడదీసిన చార్టును లెక్కపెట్టడం సులువు. ఆపెప్ రోజుల్లో మా ప్రాంతపు బడులలో తాళ్లు కట్టి, తాళ్లకు బొమ్మలు, ఆకులు, గింజల అట్టలు గుచ్చారు. తనిఖీకి వచ్చినవారు చూసి అమలు జరిగిందని రాసుకునేవారు. వాటిని ఎవరు గీశారు? పిల్లలా, పంతులుగారి ఇంట్లో కూర్చుని ఇంటర్ చదివే వాళ్లమ్మాయా? అట్ట మీద దుమ్ము ఎంత మందాన ఉంది? జట్లుగా కూర్చున్న పిల్లలు జట్టుగా పనిచేస్తున్నారా, జట్టుగా కూర్చుని విడివిడిగా ఎక్కం వల్లిస్తున్నారా? ఇవి కనుక్కోవడానికి రోజూ వెళ్లి కూర్చోవాలి. మొదటి రోజు అందరూ అతిథి కోసం పాఠం చెబుతారు. పదో రోజుకు విసుగొచ్చి తమ పాఠం తాము చెప్పుకుంటారు. అసలు పాఠం అప్పుడు గాని కనిపించదు.

అదే కాలంలో అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. కేరళలోని ఎర్నాకుళం 1990లో సంపూర్ణ అక్షరాస్యత సాధించిందన్నాక దేశమంతటా జిల్లా వారీగా మొదలైంది. ఇక్కడ కొలత చాలా స్పష్టం. చదవడం, రాయడం, లెక్కలు మూడింటిలోనూ కనీసం 50 శాతం, మొత్తం మీద 70 శాతం మార్కులు వస్తే అక్షరాస్యుడు, రాకపోతే కాదు. నెల్లూరు జిల్లాలో 1991లో ఉద్యమం ఊపందుకుంది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు కలిసికట్టుగా సారా దుకాణం మూయించారు. ఆ కథే చదువుకునేవారి పుస్తకంలో పాఠమయింది. పాఠం చదివిన ఊళ్లలో ఆడవాళ్లు మా ఊళ్లో ఎందుకు చేయకూడదని లేచారు. 1992లో నెల్లూరులో సారా వేలం పాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. ఆ తర్వాత 1997లో దాన్ని ఎత్తివేయడం వేరే కథ.

ఇప్పుడు చెప్పండి, నెల్లూరు రాత్రి బడి ఫలితం ఎంత? సారా దుకాణం ముందు కూర్చున్న మనిషికి పరీక్షలో 45 మార్కులే వచ్చి ఉంటే ఆమె కొలత ప్రకారం నిరక్షరాస్యురాలే. పథకం పెట్టుకున్న లక్ష్యం ఒకటి, జరిగింది ఇంకొకటి, జరిగినది లక్ష్యం కంటే పెద్దది. 1994లో అరుణ్ ఘోష్ అధ్యక్షతన నియమించిన నిపుణుల బృందం దేశంలోని అక్షరాస్యతా ఉద్యమాలను పరిశీలించినప్పుడు, అంకెల మీద పెట్టిన విపరీతమైన దృష్టిని విమర్శిస్తూనే, అంకెలకు చిక్కని సామాజిక ఫలితాలను గుర్తించింది. ప్రభుత్వాలకు అటువంటి ఫలితాలు అంత ఇష్టమైనవి కావన్నది నా అనుమానం. వేలం పాటలు ఆపే అక్షరం ఖజానాకు ఖరీదైన అక్షరం.

ఆ దశాబ్దంలోనే రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ ద్వారా శాంతా సిన్హా తదితరులు ఊరూరా తిరిగి, బీదవారు పిల్లల సంపాదన కోసమే పనికి పంపుతారన్న పాత నమ్మకాన్ని తిరగవేశారు. తల్లిదండ్రులు చదివించాలనే అనుకుంటారు, బడి గుమ్మం దాటడానికి వారికి తోడు లేదని ఊళ్లలో కూర్చుని విన్నాక తేల్చారు. అంత చెప్పడానికి ఒక టపా చాలదు, ఇక్కడికి ఆపుతాను.

1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం, అదే డీపీఈపీ, రాష్ట్రంలో మొదటి విడత వచ్చిన అయిదు జిల్లాలలో మా కరీంనగర్ ఒకటి. ఆడవారి అక్షరాస్యత జాతీయ సగటు కంటే తక్కువ ఉన్న జిల్లాలను ఎంచుకున్నారు. జిల్లా సగటు అన్నది చిత్రమైన వస్తువు. మానేరు ఒడ్డు వరి పల్లెలు, మహదేవపూర్ అడవి గూడేలు, సిరిసిల్ల మరమగ్గాలు, గోదావరిఖని బాయిలు అన్నీ ఒక్క అంకెలో కలిసిపోయాయి. మరమగ్గం దగ్గర పిల్లవాడు బడి మానే కారణం వేరు, బాయి దగ్గర పిల్లవాడి కారణం వేరు. అంకె ఒకటే. మా ఊళ్లో మరో మెలిక కూడా ఉంది. కంపెనీ విద్యా సంస్థ నడిపే బడులు, ప్రభుత్వ బడులు, కాన్వెంటు అని బోర్డు పెట్టిన రేకుల షెడ్లు, ఈ మూడింటి మధ్య ఒకే పిల్లవాడు తండ్రి మస్టర్లను బట్టి అటూ ఇటూ మారేవాడు. మస్టర్లు బాగా పడిన ఏడు కాన్వెంటు, సమ్మె వచ్చిన ఏడు సర్కారు బడి. సర్కారు బడి పట్టీలో అది ఒకసారి కొత్త చేరిక, మరోసారి డ్రాపౌట్.

అంకెలను ఆడిపోసుకోవడం నా ఉద్దేశం అనుకుంటారేమో. కాదు. 2005 నుంచి కొన్నేళ్లపాటు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ మన రాష్ట్రంలోని అయిదు జిల్లాలలో అయిదువందల బడులతో చేసిన ప్రయోగం నాకెంతో నచ్చిన పరిశోధన. రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచబ్యాంకు కలిసి చేయించినది. చీటీలు తీసినట్టు బడులను ఎంచి, కొన్నింటిలో పిల్లల మార్కులు పెరిగితే ఉపాధ్యాయులకు బోనస్ ఇస్తామన్నారు, కొన్నింటికి వస్తువులు కొనుక్కోవడానికి గ్రాంటు ఇచ్చారు, కొన్నింటిని ఉన్నవి ఉన్నట్టు వదిలేశారు. రెండేళ్లకు బోనస్ బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ స్పష్టంగా ముందున్నారు. ఇంతవరకు అంకెలే. మరి ఎలా ముందుకొచ్చారు? సార్లు సెలవులు తగ్గించారా అంటే, చెప్పకుండా వెళ్లి చూసినప్పుడు గైర్హాజరులో తేడా కనిపించలేదు. అప్పుడు ఉపాధ్యాయులనే అడిగారు, జవాబులు అందించకుండా. ఇంటిపని ఎక్కువ ఇచ్చాం, బడి వేళ దాటాక తరగతులు తీశాం, వెనుకబడ్డవారిని దగ్గర కూర్చోబెట్టాం, నమూనా పరీక్షలు పెట్టాం అన్నారు. అంత పకడ్బందీ లెక్క కూడా చివరి మెట్టు దగ్గర మనిషి నోటి మాట కోసం ఆగవలసి వచ్చింది.

గ్రాంటు కథ ఇంకా రుచిగా ఉంటుంది. మొదటి ఏడు అనుకోకుండా వచ్చిన గ్రాంటుతో మార్కులు పెరిగాయి. రెండో ఏడు అదే గ్రాంటుతో పెరగలేదు. బడి నోటుపుస్తకాలు ఇస్తుందని తెలిశాక ఇంట్లో కొనడం తగ్గించారు. ఆ డబ్బు ఉప్పుకో పప్పుకో పోయింది. మా వాడ తల్లి వేసిన లెక్కా ఇదీ ఒకే కోవలోవి. పథకం ఇంటికి వచ్చేసరికి ఇల్లు ఊరికే కూర్చోదు, తన లెక్క తాను మార్చుకుంటుంది.

2002లో మొదలైన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఈ రెండు దారులనూ కలపడానికి చేసిన పెద్ద ప్రయత్నం. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన దేశం నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకున్నారు. 1994-95లో పుట్టిన వెయ్యిమంది, 2001-02లో పుట్టిన రెండువేలమంది పిల్లలను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కలుస్తూ వచ్చారు. 2007 నుంచి వారిలో కొద్దిమందితో తీరిక సంభాషణలు కూడా జరిపారు. మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ఊరి పిల్లలు పత్తి విత్తనాల చేలల్లో పూలకు పరాగం అంటించే పని గురించి చెప్పిన మాటలు అందులోవే. ఆ సీజనులో బడికి గండి పడుతుంది. చేయించేది పెద్దలే అయినా, అలసటతో పాటు సంపాదించి ఇంటికిచ్చామన్న గర్వమూ పిల్లల మాటల్లో ఉంది. బాలకార్మికత అన్న ఒక్క గడిలో ఆ రెండూ పట్టవు. యంగ్ లైవ్స్ సర్వే జిల్లాలలో కరీంనగర్ ఉంది. తీరిక సంభాషణలు జరిపిన ఊళ్లు మాత్రం శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్, హైదరాబాద్‌లవి. మా జిల్లా అంకెలలో ఉంది, మాటలలో లేదు.

ఒకవేళ అప్పుడే, 1990లలో, ఎవరైనా నోటుపుస్తకం పట్టుకుని మా కార్మికవాడల్లో తిరిగి ఉంటే? ఇక్కడ నాకు పెద్ద సందేహం ఉంది. సింగరేణి కార్మిక సమాఖ్య 1981లో పుట్టింది. 1992 మే నెలలో పీపుల్స్ వార్‌తో పాటు దాన్నీ ప్రభుత్వం నిషేధించింది. ఆ తర్వాతి ఏళ్లలో కాగితం, పెన్ను పట్టుకుని ఇంటి సంగతులు అడిగే కొత్త మనిషి మా వాడలో ఏమవుతాడో ఊహించుకోవచ్చు. అయితే పోలీసు మనిషి, కాకపోతే అన్నల మనిషి. మీ అబ్బాయి బడి మానేసి ఎక్కడ ఉంటున్నాడన్న ప్రశ్న ఆ రోజుల్లో విద్యకు సంబంధించిన ప్రశ్న కాదు. కొడుకు ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాడని చెప్పడం అన్నింటికంటే క్షేమమైన జవాబు. తల్లులు అడిగినవాడి ముఖం చూసి జవాబు చెబుతారు. గుణాత్మక పరిశోధన గొప్పలు చెప్పేవారు ఈ సంగతి అంతగా చెప్పరు. నమ్మకం కుదరని చోట నలభై గంటలు విన్నా ఫారంలోని టిక్కు కంటే గొప్పది దొరకదు, పైగా అబద్ధం కాస్త పొడుగ్గా దొరుకుతుంది. తుమ్మేటి రఘోత్తమరెడ్డి, అల్లం రాజయ్య వంటి ఇక్కడి కథకుల రచనల్లో మా మనుషులు ఏ నివేదికలోనూ లేనంత నిజంగా కనిపించడానికి కారణం కూడా ఇదే అనుకుంటాను. వాళ్లు అడగడానికి రాలేదు, ఇక్కడే ఉన్నారు.

ఇంతకాలం ఆ సర్వే నాటి ఇంటిని నేనొక ఉదాహరణగా నలుగురికీ చెబుతూ వచ్చాను. ఫారం ‘ఆసక్తి లేదు’ అంది, తల్లి ‘ఉద్యోగం’ అంది, తల్లి మాటే నిజం అని. పదిహేనేళ్ల కిందట గోదావరిఖని చౌరస్తాలో ఆటో ఎక్కితే నడిపేవాడు ఆ పిల్లవాడే. వాళ్ల నాన్న అన్‌ఫిట్ కాలేదట, పూర్తి సర్వీసు చేసి దిగిపోయాడట. ఉద్యోగం రాలేదు. దారిలో ఆ పాత సంగతి తీశాను.

“తమ్మీ, అప్పట్ల నువ్వు బడి బందువెట్టింది నౌకరి కోసమే గదా?”

అతను అద్దంలో నన్ను చూసి నవ్వాడు.

“అమ్మ మీకు సెప్పింది నిజమే అన్నా. గని నేను అమ్మకు సెప్పింది నిజం గాదు. తొమ్మిదిల హాఫియర్లి పరీక్షల్ల లెక్కల్ల ఏడు మార్కులొచ్చినయ్. పేపరు మీద ఇంట్ల సంతకం పెట్టించుకరమ్మన్నరు. బాపు అప్పుడప్పుడే రాత్రి బడిల సంతకం నేర్సుకుంటుండె. ఆ పేపరు ఆయన ముంగట వెట్ట బుద్ధిగాలె. ఇగ బడికే పోలె. ఎందుకు పోతలెవ్వురా అంటె నౌకరి ముచ్చట సెప్పిన. నౌకరంటె మా ఇంట్ల ఎవ్వలు ఏమనకపోదురు.”

ఆ పేపరు ఏం చేశావని అడిగాను. చాలా రోజులు చొక్కా జేబులో దాచి, వానలో తడిసిపోయాక పారేశానన్నాడు. అంతలో బస్టాండు వచ్చింది. చిల్లర లేదంటే పర్వాలేదు అన్నా, మళ్లీ కలుస్తం గదా అని ఆటో తిప్పుకుని వెళ్లిపోయాడు.